గుట్టకు మూడు మూతలు

నా చిన్నప్పుడు, తాళంచెవి తీసేసినా ఆగకుండా అరిచిన ఒక బండిని చూశాను. మా ఊరి కుంట పక్కన, పొగమంచు ఇంకా విడవని ఒక పొద్దున. ఆ అరుపు గురించి మా ఊళ్ళో ఇప్పటికీ రెండు కథలు చెప్పుకుంటారు. కుంటలో ఉన్నదేదో మా మామను పట్టిందని కొందరంటారు. మామే పెట్రోలులో ఆయిల్ కలపడం మరిచిపోయి బండిని చంపుకున్నాడని మిగతావాళ్ళంటారు. రెండూ నిజం కాదు. మొన్న మామను సమాధి చేసి వచ్చాక, చర్చి బయట కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగుతూ ఎవరో ఆ రెండో కథ మళ్ళీ ఎత్తారు. అందరూ ప్రేమగానే నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడానికి కారణం ఆ నవ్వే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పటాన్‌చెరు నుంచి మా ఊరికి మళ్ళే మూలమీద రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయేవాళ్ళు దూరం నుంచి బండి చప్పుడు చేసుకుంటూ వస్తుంటే, చూడకుండానే దానికేం జబ్బో చెప్పేవాడు. ఆయనకంటూ ఒక పాత టూ స్ట్రోక్ బండి ఉండేది. దాన్ని రోడ్డు కోసం కాదు, గుట్ట కోసం తయారుచేసుకున్నాడు. ముందు మడ్‌గార్డును పైకెత్తాడు. సైలెన్సర్‌ను రాళ్ళకు తగలకుండా పక్కనుంచి పైకి వంచాడు. పెద్ద గాట్లున్న టైర్లు తొడిగాడు. మా ఊరి వెనక గుట్టను సగం తొలిచి వదిలేసిన పాత కంకర క్వారీ ఉంది. ఏడాదికోసారి చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు ఆ గుట్ట మీదికి బండ్లతో పందెం పెట్టుకునేవాళ్ళు. మామ మూడేళ్ళు వరసగా గెలిచాడు.

నాకప్పుడు పదకొండేళ్ళు. బడి లేనప్పుడల్లా షెడ్డులోనే ఉండేవాణ్ని. ఆ రోజుల్లో టూ స్ట్రోక్ బండికి ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. ఇంజన్ లోపల తిరిగే వాటికి ఆ ఆయిలే దిక్కు. మామ దగ్గు మందు సీసా మూతతో కొలిచేవాడు. లీటరు పెట్రోలుకు రోడ్డుకైతే రెండు మూతలు, గుట్టకైతే మూడు. "గుట్ట మీద గాలి తక్వ తాకుతది, ఇంజన్ ఎక్వ కాల్తది. గందుకే మూడు," అనేవాడు. ఆయిల్ నీలంగా ఉండేది. కలిపాక పెట్రోలు లేత ఆకుపచ్చకు తిరిగేది. మామ కొంచెం గాజు సీసాలోకి వంచుకుని, వెలుగుకు ఎత్తిపట్టి, ఆ రంగు చూశాకే ట్యాంకులో పోసేవాడు.

జెట్ల గురించి కూడా ఆయనే నేర్పాడు. జెట్ అంటే కార్బురేటర్ అడుగున బిగించే చిన్న ఇత్తడి మర. మధ్యలో సూది బెజ్జమంత రంధ్రం, తలమీద నంబరు. నంబరు పెద్దదైతే పెట్రోలు ఎక్కువ దిగుతుంది, బండి కఫం పట్టిన మనిషిలా గురగురమంటుంది, లోపల నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు నల్లబడుతుంది. నంబరు చిన్నదైతే పెట్రోలు తగ్గి ప్లగ్గు తెల్లబడుతుంది. రెంటికీ నడుమ చాయ్ రంగు రావాలి. ఆయిల్ ఒక మూత పెంచితే అంతమేరకు పెట్రోలు తగ్గినట్టే కనుక, అప్పుడు జెట్ నంబరు కూడా పెంచి చూడాలి. ఇన్ని లెక్కల్లో నాకు బాగా గుర్తున్నది ఒక మాట. ప్లగ్గు తెల్లబడితే ఏమవుతుందని అడిగాను. మామ నవ్వలేదు. "తెల్లగైతే బండి మస్తు ఉరుకుతది రా. ఎన్నడు ఉరకనంత. సచ్చే ముందల ఉరుకుడు అది."

ఇక కుంట సంగతి. గుట్ట కింద ఉండేది. దాని నీళ్ళు ఒక్కో కాలంలో ఒక్కో రంగులో ఉండేవి. కొన్ని పొద్దులు చేపలు తెల్లటి కడుపులతో గట్టు పొడవునా తేలేవి. దూడలు ఆ నీళ్ళు తాగి రాలిపోయేవి. కారణం ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు. కుంట పట్టుకుంటది, అటు పోకండి అని మాత్రం పిల్లలకు చెప్పేవాళ్ళు.

ఆ గట్టు మీద ఒక గుడిసెలో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన నీలం డ్రమ్ములు కడిగి, ఎండబెట్టి, కొనేవాళ్ళకు అమ్మేది. డ్రమ్ముల అడుగున అంటుకున్న పొడి వల్ల ఆమె చేతులు మోచేతుల దాకా పసుపుగా ఉండేవి. ఎంత కడిగినా ఆ రంగు పోయేది కాదు. లోపలి గోడలు తోమడానికి ఆమె డ్రమ్ములోకి నడుము దాకా దూరేది. అలా దూరి తనలో తాను మాట్లాడుకుంటుంటే, మాట డ్రమ్ములో తిరిగి తిరిగి, ఆమెది కాని గొంతుతో బయటికి వచ్చేది. దారిన పోయేవాళ్ళకు వరసగా నిలబెట్టిన ఖాళీ డ్రమ్ములు కనిపించేవి, మనిషి కనిపించేది కాదు, గొంతు మాత్రం వినిపించేది. ఆమెకు చేతబడి వచ్చని, మా వైపు మాటలో చెప్పాలంటే బాణామతి చేస్తుందని, ఊళ్ళో గుసగుసలుండేవి.

అదొక చలికాలపు పొద్దున. పందేనికి ఇంకా వారం ఉంది. మామ, నేను తెల్లారగానే బండి తీసుకుని గుట్ట కిందికి పోయాం. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే పొగ, మంచు కలిసిపోయి గుట్ట సగం నుంచి పైకి కనిపించడం లేదు. కుంట నీళ్ళు కదలడం లేదు. మొదట పెద్ద జెట్‌తో ఒకసారి ఎక్కి దిగాడు. ప్లగ్గు నల్లగా వచ్చింది. ఒక నంబరు తగ్గిస్తానన్నాడు. ట్యాంకు ఎలాగూ అడుగంటింది కనుక కొత్తగా లీటరు కలపమన్నాడు. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు డబ్బా తెరవకూడదని ఆయన నియమం. అందుకని డబ్బా, ఆయిల్ సీసా, మూత పట్టుకుని నేను కుంట గట్టు మీదున్న చదును రాయి దగ్గరికి పోయాను. ఎవరూ చూడకుండా ఒంటరిగా కలపడం నాకు అదే మొదటిసారి.

డబ్బా తెరిచాను. ఆయిల్ సీసా మూత తీసి పక్కన పెట్టాను. అప్పుడు నా వెనక, డ్రమ్ముల వరసలోంచి, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వచ్చింది.

"పడ్తది... కొడుకా, పడ్తది..."

మా భాషలో కింద పడేదానికీ, దయ్యం పట్టేదానికీ ఆ మాట ఒకటే. నేను రెండోది విన్నాను. తిరిగి చూస్తే డ్రమ్ములే ఉన్నాయి. ఒకదాని అంచు మీద రెండు పసుపు చేతులున్నాయి. నేను డబ్బా పట్టుకుని ఒక్క ఉదుటున లేచాను. నా కాలు తగిలిందో, అదే ఒరిగిందో, సీసా రాతి అంచు మీదినుంచి జారి నీళ్ళలో పడింది. ఆయిల్ కుంట మీద పరుచుకుంది. అంత చప్పుడులేని నీళ్ళ మీద ఆ రంగుల వలయాలు ఒకదానిలోంచి ఒకటి విప్పుకుంటూ నా వైపే వస్తున్నట్టు అనిపించింది. పరుగెత్తాను.

మామ జెట్ మార్చి, కార్బురేటర్ బిగించి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"కలిపినవా?"

"కలిపిన."

"ఎన్ని?"

"మూడు."

భయపడి పారిపోయి వచ్చానని చెప్తే ఇంకెప్పుడూ తీసుకురాడని అనుకున్నాను. అంతే, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. మామ గాజు సీసా బయటికి తీశాడు. ఆకాశం వైపు చూశాడు. ఆ మంచులో ఏ రంగూ తెలిసే వెలుగు లేదు. సీసా మళ్ళీ సంచిలో పెట్టి, నా ముఖం చూశాడు. నమ్మాడు. ట్యాంకులో పోశాడు.

బండి అంత బాగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. గురగుర లేదు, తడబాటు లేదు. రాళ్ళ మీద నీళ్ళు పైకి పారుతున్నట్టు గుట్ట ఎక్కింది. కాసేపటికి సైలెన్సర్ వైపు చూశాను. పొగ లేదు. టూ స్ట్రోక్ బండి వెనక నీలం పొగ లేకపోవడం ఎలా ఉంటుందంటే, చలిలో మాట్లాడుతున్న మనిషి నోటి నుంచి ఆవిరి రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చచ్చే ముందు ఉరుకుడు అన్న మాట గుర్తొచ్చింది. అరవొచ్చు. నోరు తెరిచాను కూడా. మామ మంచులోకి పోయి కనిపించకుండా అయ్యాడు.

గుట్ట మీద ఆ చప్పుడు అటూ ఇటూ తిరిగింది. క్వారీ గోడలు దాన్ని మూడుగా నాలుగుగా చేసి తిరిగి ఇచ్చాయి. తర్వాత అది సన్నబడి, పైకి లేచి, అరుపైంది. మామ కుంట వైపు దిగుతూ కనిపించాడు. యాక్సిలేటర్ వదిలేసిన ఆయన కుడి చెయ్యి గాలిలో ఉంది. ఆ చేతిలో తాళంచెవి ఉంది. బండి అరుస్తూనే ఉంది. ఎవరూ నడపకుండా, తనంతట తాను. ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి, మామ గట్టు మీదినుంచి నీళ్ళలో పడ్డాడు.

నేను కదల్లేకపోయాను. డ్రమ్ముల్లోంచి అవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆమెకంత బలం ఎక్కడిదో, చంకల కింద చేతులు వేసి మామను బయటికి లాగింది. రాత్రి షిఫ్టు దిగి కుంట దారిన ఊళ్ళోకి వస్తున్న నలుగురైదుగురు సరిగ్గా అప్పుడే అక్కడికి చేరారు. వాళ్ళు బండి అరుపు విన్నారు. మామ పిడికిట్లో తాళంచెవి చూశారు. ఆయన రొమ్ము మీద పసుపు చేతులు చూశారు. కాలు విరిగి, సోయి లేని మత్తులో మామ ఒకటే మాట అంటున్నాడు. "పట్టేసింది... పట్టేసింది..."

ఇంజన్ బిగుసుకుపోతే మెకానిక్కులు పట్టేసిందనే అంటారు. అది అక్కడ నాకొక్కడికే తెలుసు.

మామను సంగారెడ్డి ఆస్పత్రిలో వేశారు. ఊళ్ళో మాట ఆయన కంటే ముందు పాకింది. కుంటలోనిదాన్ని ముసల్దే లేపిందని, దూడల్ని చంపింది చాలక మనుషుల్ని పట్టిస్తోందని అన్నారు. ఆదివారం పాలకేంద్రం ముందు అందరూ కూడి తేల్చాలని నిర్ణయించారు. ఏం తేలుస్తారో ఎవరూ దాచలేదు. మంత్రం పలకకుండా ఆమె పండ్లు పీకాలన్నారు. శుక్రవారం సాయంత్రం ఇద్దరు షెడ్డు దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన నాకు రోజూ చాక్లెట్ ఇచ్చేవాడు. మెత్తగా అడిగాడు.

"ఏం రా, మీ మామ పటకారు ఏడ పెట్టిండు?"

తెలియదన్నాను. రెండో అబద్ధం. వాళ్ళు పోయాక పటకారును పుస్తకాల సంచిలో దాచాను. ఆ రాత్రంతా సంచి నా తలగడ పక్కన ఉంది. ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా బండి అరుస్తోందనే అనుకున్నాను.

శనివారం అమ్మతో ఆస్పత్రికి పోయాను. ప్లగ్గు విప్పి తెమ్మని, డబ్బాలో మిగిలిన పెట్రోలు కొంచెం సీసాలో తెమ్మని మామ ముందే కబురు పెట్టాడు. అమ్మ మందుల కోసం బయటికి పోయినప్పుడు సంచి తెరిచాను. మామ ప్లగ్గును కిటికీ వైపు తిప్పాడు. ఎముకలా తెల్లగా ఉంది. కొస మీద కరిగి గడ్డకట్టిన చిన్న చిన్న లోహపు చుక్కలున్నాయి. తర్వాత సీసా ఎత్తాడు. ఎండ దానిలోంచి సూటిగా వచ్చింది. ఆకుపచ్చ లేదు.

నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. ఆయన సీసాను తిరిగి సంచిలో పెట్టబోయాడు. సంచిలో పటకారు కనిపించింది.

"ఇదెందుకు తెచ్చినవ్?"

చెప్పాను. పటకారు సంగతే చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది.

"ఎన్ని గంటలకు కూడుతుండ్రు?" అన్నాడు మామ.

ఆదివారం డాక్టర్ వద్దన్నా వినకుండా, కాలికి కట్టుతో, పాల వ్యానులో వచ్చాడు. అవ్వను అప్పటికే తెచ్చి పాలకేంద్రం మెట్టు మీద కూర్చోబెట్టారు. ఆమె తన చేతుల్ని కొంగులో దాచుకుని ఉంది. మామ తన బండిని నలుగురితో మోయించుకొచ్చి అందరి నడుమ పెట్టించాడు. స్టూలు మీద కూర్చుని, విరిగిన కాలు ముందుకు చాపుకుని, ఇంజన్ విప్పడం మొదలుపెట్టాడు. అంతమందిలో మర తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిస్టన్ బయటికి రాగానే ముందు వరస వాళ్ళు వెనక్కి జరిగారు. దాని ఒంటి మీద పైనుంచి కిందికి లోతైన గీతలున్నాయి.

"గోర్లు," అన్నారెవరో.

"గోర్లే," అన్నాడు మామ. "ఆయిల్ లేకుంటే పిస్టన్ గోడను గిట్లనే గీరుతది. రేపు షెడ్డుకు రాండ్రి, గిట్లాంటి గోర్లు ఇంక నాలుగు సూపిస్త."

"మరి పట్టేసింది అన్నవ్ గదనే? మేమంత విన్నం."

"అన్న. ఇప్పుడు గూడ అంటున్న. ఇంజన్ పట్టేసింది. నన్నెవరు వడ్తరు, నేనేమన్న చేపనా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో ఏదో సడలింది. కానీ పటకారు అడిగినాయన వదల్లేదు. "చెవి తీసినంక ఎట్ల నడిచింది?"

మామ ప్లగ్గును ఆయన అరచేతిలో పెట్టాడు. "కొస ఎర్రగ కాలింది. నిప్పు లోపట్నే ఉన్నంక చెవితోని ఏం పని?"

"ఆయిల్ ఎందుకు లేదు మరి? నీయంత మెకానిక్ లేడంటరు."

నేను మామ పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. మామ చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. నొప్పి పుట్టేలా నొక్కింది.

"కలపలే," అన్నాడు. "మర్సిపోయిన."

ఒక క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. పోయేవాళ్ళు పోతూ పోతూ ఆయన మీద జోకులు విసిరారు. అవ్వ మెట్టు మీదినుంచి లేచింది. పసుపు చేతులు కొంగులోంచి తీసి, మామ కట్టుకాలును ఒకసారి తాకింది. తర్వాత నా దగ్గర ఆగి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"సీసా అంచుకున్నది, పడ్తది పడ్తది అని మొత్తుకుంటి గద కొడుకా."

ఆమెకు మొదటినుంచీ తెలుసు. పటకారు మాట విన్నాక కూడా ఒక పిల్లవాడి పేరు ఆమె నోటి నుంచి రాలేదు.

ఆస్పత్రికి తిరిగి పోయేటప్పుడు వ్యానులో మామను అడిగాను, నన్నెందుకు చెప్పనివ్వలేదని. "నువ్వు జెప్తే, ముసల్దాన్ని కాపాడనీకి పోరనితోని జెప్పిస్తుండు అంటరు. మెకానిక్ నోటితోనే మర్సిన అంటే ఎవ్వడన్న నమ్మాలె," అన్నాడు. కొంతసేపటికి ఇంకో మాట అన్నాడు. "నువ్వు పెద్దగైనంక జెప్పు. నేనేమనుకోను."

ఆయన ఊహించని సంగతి, ఆ ఒక్క మాట ఆయన్ని ఎంత తినేస్తుందన్నది. ఆయిల్ మరిచిన మెకానిక్ దగ్గరికి బండి ఎవరు తెస్తారు? మొదట నవ్వడానికి వచ్చారు, తర్వాత రావడం మానేశారు. రెండేళ్ళకు షెడ్డు మూసేసి, ఒక ఫ్యాక్టరీలో పంపుల దగ్గర ఫిట్టర్‌గా చేరాడు. కాలు కొంచెం ఈడుస్తూనే నడిచేవాడు. గుట్ట మళ్ళీ ఎక్కలేదు. అవ్వ ఇంకో పదేళ్ళు డ్రమ్ములు కడిగి, తన గుడిసెలోనే, తన పండ్లతోనే పోయింది.

నేను పెద్దవాణ్నయ్యాను. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. చర్చిలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన అందరూ కలిసి చదివేటప్పుడు నేను పెదవులు మాత్రం కదిపేవాణ్ని. ప్రతి క్రిస్మస్‌కు మామ ఇంటికి పోయేవాణ్ని. ఆయన ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. ఇంకా ఎందుకు చెప్పలేదన్నట్టు నా వైపు చూడలేదు కూడా. అలా చూసి ఉంటే చెప్పేవాణ్నేమో. ఇప్పుడు ఆ కుంట సగం పూడ్చి ప్లాట్లు చేశారు. ఆ రకం బండ్లు రోడ్డు మీద లేవు. నాతో చెప్పించడానికి మిగిలిన మనిషి లేడు.

ఆ ప్లగ్గు నా బల్ల సొరుగులో ఉంది. నలభై ఏళ్ళైనా తెల్లగానే ఉంది. అప్పుడప్పుడు తీసి కిటికీ వైపు తిప్పుతాను. ఇంట్లో ఎవరైనా చిన్న పని చెప్పి చేశావా అని అడిగితే, అవునన్న మాట నోటిదాకా వచ్చి నా లోపల ఏదో బిగుసుకుంటుంది, వెళ్ళి మళ్ళీ చూసొచ్చి జవాబు చెప్తాను. పిల్లలు దాన్ని నా చాదస్తం అంటారు. మంచు పట్టిన పొద్దుల్లో మాత్రం ఆ ప్రశ్న ఇంకా నాకు మామ గొంతులోనే వినిపిస్తుంది. చేతులు తుడుచుకుంటూ, నా ముఖం చూస్తూ, కలిపినవా అని అడుగుతాడు.

కలపలే మామా. ఒక్క మూత గూడ కలపలే.